ఎడమ జేబు

తెర లేవడానికి ఇంకా పది నిమిషాలుంది. పిచిక కాళ్ళు మాత్రం నేల మీద నిలవడం లేదు.

అసలు పేరు వేరే ఉన్నా, బక్కగా ఉంటుందని ఆ హాస్య నాటక బృందంలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. నెల క్రితం దాకా పుట్టినరోజు పార్టీల్లో మిమిక్రీ చేసుకునే పిల్ల. ఈ మధ్యాహ్నం ఆటతో ఏకంగా కోటు మామ వేషం!

కోటు మామ అంటే గోడల మీద పోస్టర్లలో ఉండేవాడే. రబ్బరు ముక్కు, దూది కనుబొమలు, మోకాళ్ళు దాటిన నల్లకోటు. ఇన్నేళ్ళూ ఆ వేషం కట్టినాయన గుండె ఆపరేషనయ్యాక, నాలుగు నెలల కిందట మానేశాడు. ఆ ముక్కు తీసేస్తే ఎలా ఉంటాడో బృందంలో పాతవాళ్ళకే తెలుసు.

ఆయన పేరెత్తితే చాలు, మేకప్ వేసే పిన్ని చేతిలో బ్రష్షు ఆగిపోయేది. లైట్లు వేసే అన్న ఆయనకు కోపం రావడం జన్మలో చూడలేదనేవాడు. వినీ వినీ పిచికకు చెవులు చిల్లులు పడ్డాయి. అంత మంచివాడైతే వచ్చి తన గొంతులో వణుకు తగ్గించొచ్చుగా అనుకుంది కసిగా.

ఓనరు ముందే తేల్చి చెప్పారు. హాలు నవ్వితే వేషం ఆమెదే. నవ్వకపోతే కోటు పెట్టెలోకి, ఆమె ఇంటికి.

తెర లేచింది.

ఆలస్యంగా ఆఫీసుకొచ్చిన గుమాస్తా కోటు మామగా, ఆ నల్లకోటు తొడుక్కుని పిచిక వేదిక మీదికి నాలుగడుగులు వేసింది. ఇంకా నోరు తెరవనే లేదు. మొదటి వరసలో టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన పకపకా నవ్వాడు. ఆయన్ని చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి వెనకవాళ్ళు.

పిచిక చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత కూడా అంతే. ఆమె మాట సగంలో ఉండగానే ఆయన నవ్వు సిద్ధం.

విరామంలో గేటు దగ్గరుండే బాబాయిని పట్టుకుంది.

"బాబాయ్, ఆ టోపీ ఆయన్ని లేపి పంపెయ్. నన్ను ఎగతాళి చేస్తున్నాడు."

బాబాయి బుర్ర గోక్కున్నాడు. "టికెట్టు కొనుక్కుని వచ్చాడమ్మా."

"ఆయనుంటే నేను మళ్ళీ వేదికెక్కను."

బాబాయి ఏదో చెప్పబోయి మింగేశాడు. వెళ్ళి ఆయన చెవిలో మాట వేశాడు. పిచిక తెర సందులోంచి చూస్తూనే ఉంది. పెద్దాయన గొడవ పడలేదు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు, నవ్వుతూ తల ఊపాడు, బాబాయితో రెండు ముక్కలు చెప్పి వెనక తలుపు వైపు నడిచాడు.

"గడియారం ఎడమ జేబులో పెట్టుకోవద్దని చెప్పమన్నాడు," అన్నాడు బాబాయి తిరిగొచ్చి.

"ఆయనెవరు నాకు చెప్పడానికి!" అని పిచిక, చివరి జోకుకు కావలసిన అలారం గడియారాన్ని కోటు ఎడమ జేబులోనే కుక్కింది.

రెండో భాగం మొదలైంది. హాలు చప్పబడిపోయింది. మొదటి జోకుకు ఎవరో దగ్గారు. రెండోదానికి అదీ లేదు. మొదటి భాగంలో నవ్విన మనుషులు వీళ్ళేనా అని పిచికకు చెమటలు పట్టాయి.

ఇక మిగిలింది గడియారం జోకే. ఆఫీసరు వేషంలో ఉన్న లావుపాటాయన, ఆలస్యం ఎందుకయిందని గద్దించాడు. పిచిక ఠీవిగా ఎడమ జేబులో చెయ్యి పెట్టింది.

గడియారం లేదు.

జేబు చిరుగులోంచి జారి, కోటు అస్తరులో పడి, నడుస్తుంటే వెనక్కి చేరింది. ఆమె వెతుకుతుండగానే సరిగ్గా వీపు కింద గణగణా మోగడం మొదలుపెట్టింది. పిచిక అటు తిరిగింది, మోత అటే. ఇటు తిరిగింది, ఇటే. తన వెనక తానే గిరగిరా తిరుగుతోంది. ఇది పొరపాటో ఆటో తెలియక జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. పిచిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు, మూసిన వెనక తలుపు అవతలినుంచి ఒక నవ్వు వినిపించింది. అదే నవ్వు.

చివరి వరస కిసుక్కుమంది. పిచికకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఆగి, ఆఫీసరుకు చేతులు జోడించింది.

"ఏం చెయ్యనండీ, నా గడియారం కాస్త వెనక నడుస్తోంది!"

హాలు పేలిపోయింది. ఈలలు, చప్పట్లు, కుర్చీల చప్పుళ్ళు. తెర పడ్డా ఆగలేదు. ఓనరు పరుగున వచ్చి, వేషం నీదేనమ్మా అన్నారు. మేకప్ పిన్ని వాటేసుకుంది.

పిచిక విడిపించుకుని కోటుతోనే గేటు దగ్గరికి పరిగెత్తింది.

"బాబాయ్, తలుపు వెనక నవ్విందెవరు?"

"నువ్వు లేపించిన మనిషే. సగం ఆట నుంచునే విన్నాడు. ఇప్పుడే బస్సెక్కాడు."

పిచిక వీధిలోకి చూసింది. బస్సు మలుపు తిరిగిపోయింది.

"మావాళ్ళందరి మొదటి ఆటకీ, తనకు వేషం లేని నాటకమైతే, ఆ కుర్చీలోనే కూర్చునేవాడమ్మా," అన్నాడు బాబాయి. "ముందు ఒకడు నవ్వితే గానీ జనం కదలరంటాడు. ఆట అయ్యేదాకా కొత్తవాళ్ళకు చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు."

పిచిక చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ జేబులోకి వెళ్ళింది. వేళ్ళు అవతలికి వచ్చేశాయి.

"జేబు చిరిగిందని ఆయనకెలా తెలుసు బాబాయ్?"

బాబాయి కోటు భుజం మీద దుమ్ము దులిపాడు.

"ఇరవై ఆరేళ్ళు తొడుక్కున్న కోటమ్మా, ఆయనకు తెలియదా?"