చచ్చిన గేదె చెవి బిళ్ల

"కార్లకి కళ్లు పెట్టిన పెద్దమనుషుల్లారా! ఆ కళ్లకి గేదె కనిపిస్తుంది గానీ మనిషి కనిపించడా?" రోడ్ల ఆఫీసు ముందు, నడిరోడ్డు మీద సైకిల్ ఆపి అరిచింది పాలమ్ముకునే పైడితల్లి.

డ్రైవర్లేని కార్లు పశువుల చెవి బిళ్లని చూస్తే ఆగుతాయి. మనిషికి ఆగాలంటే మాత్రం ఆ మనిషి దగ్గర ఖరీదైన ఫోనుండాలి. అది లేకే పోయిన నెల కారు గుద్ది ఆమె మొగుడి కాలు విరిగింది. ఇవాళ ఆమె చచ్చిన గేదె బిళ్లని హ్యాండిల్‌కి కట్టుకుని రోడ్డెక్కింది. నాలుగు వరసల కార్లూ ఠక్కున ఆగిపోయాయి. వెనకాలే నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ రోడ్డంతా నిండిపోయారు.

"బిళ్ల తీసెయ్యమ్మా, అది పశువులకిచ్చింది!" మేడ మీంచి ఆఫీసరు కేకేశాడు.

"మరి మనుషులకేం ఇచ్చావు బాబూ, విరిగిన కాళ్లకి కట్లా?"

జనం ఘొల్లున నవ్వారు. పైడితల్లి నవ్వలేదు.

"నడిచొచ్చినా, సైకిలెక్కొచ్చినా, మనిషిని చూస్తే కారు ఆగాలి. కిందికి దిగి ఇప్పుడే రాసివ్వు. అందాకా ఒక్క కారూ కదలదు."