కుళాయి చెప్పిన శుభవార్త

కడుపుతో ఉన్న కోడలు వరాలుకు ఏదీ సయించడం లేదు. ఒక్క తరవాణి మీదే మనసు పోతోంది. ఆ పులిసిన గంజినీళ్ల కోసం అత్త సన్నెమ్మ రెండు కుండలు పెట్టింది. కుళాయిలో నీళ్లను వడకట్టే బొగ్గు అరిగిపోవడంతో, నీళ్లలో మిగిలిన క్లోరిన్ మందు రెండింటినీ పులవనివ్వలేదు.

ఊళ్లోని కుళాయిలన్నిటిలాగే వాళ్ల కుళాయికీ మాటలొచ్చు. సన్నెమ్మ దాని నోట్లో కొత్త కొబ్బరిచిప్ప బొగ్గు కూరగానే, “మందూ పోయింది, ఆ మందు నీళ్లలో పుట్టించిన విషమూ పోయింది. పట్టుకోమ్మా” అంది.

ఆ నీళ్లతో సన్నెమ్మ కుళాయి పక్కనే ఇంకో కుండ పెట్టింది. మూడోనాడు పొద్దున్నే అదే కుళాయి ఒకటే గోల. “అమ్మా! కుండలో నీళ్లు పులిశాయి. పారబొయ్యండి!”

“నీ నోట్లో పంచదార పొయ్య!” అంది సన్నెమ్మ. “ఓలె వరాలూ, లెగు! పులిసిందంట!”

వరాలు గటగటా తాగి, ఖాళీ గ్లాసు మళ్లీ చాపింది.

“పారబొయ్యండి!” కుళాయి అరుస్తూనే ఉంది.

“పోస్తన్నాలేవే,” అంది సన్నెమ్మ కుండ వంచుతూ, “నా మనవరాలి బొజ్జలో!”