అంకుల్ వంతు

కోటేశ్వరికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. పగటిపూట ఇంట్లో తను కళ్ళు తిరిగి పడిపోతే, చీకటిపడి మొగుడు బాలు వచ్చి తాళం తీసేదాకా ఎవరికీ తెలియదు. మూసిన తలుపు వెనక తొమ్మిది నెలల తన్మయి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతుంది.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆ భయం పక్క బ్లాకులో ఒంటరిగా ఉండే పార్థసారథి అంకుల్ మీదికి మళ్ళింది.

కోటేశ్వరి కంప్యూటర్ తెర మీద ఇంటర్నెట్ పేకాట తాలూకు పచ్చటి బల్ల. బల్ల మీద నాలుగు ముక్కలు తెరిచి ఉన్నాయి. అంకుల్ పేరు చుట్టూ పసుపు గీత వెలుగుతోంది. అంటే వంతు ఆయనది. పందెం పెంచాలి, లేదా సరిపెట్టాలి, అదీ కాకపోతే ముక్కలు పడేయాలి. ఆయన ఏదీ చేయడం లేదు. పిల్లకి రెండు చెంచాల ఉగ్గు పెట్టి చూసింది, అదే గీత. మూతి తుడిచి చూసింది, అదే గీత.

ఆయన అలా ఆగే మనిషి కాదు. సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఈ అంకులే ఆమెకు లిమిట్ హోల్డెమ్ అనే ఈ పేకాట నేర్పాడు. చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు, మొత్తం ఏడింట్లో మంచివి ఐదు ఏరుకోవడం. ఏ విడతలో ఎంత పెంచాలో ముందే కొలత ఉంటుంది, ఎంత పౌరుషం వచ్చినా అది దాటనివ్వరు, పైగా మనం ఆడేది ఉత్తుత్తి బిళ్ళలతో అని ధైర్యం చెప్పాడు. పేక ముట్టుకుంటే మా అమ్మ చీపురు తిరగేసేదని ఆమె అంటే, ఇది చీపురుకి అందని పేక అని నవ్వాడు. ఆమె ముక్కలు చూసుకుంటూ కాస్త ఆలస్యం చేస్తే చాలు, అవతల నార్వేవాడికి గడ్డం పెరుగుతోందమ్మాయ్ అని బల్ల కిందున్న మాటల పెట్టెలో టైపు చేసి ఏడిపించేవాడు. అలాంటి మనిషి ఇవాళ ఉలకడు, పలకడు.

మాటల పెట్టెలో అంకుల్ అని కొట్టింది. జవాబు లేదు.

ఇంటి ఫోన్ తీసి ఆయనకి చేసింది. ఎంగేజ్. కాసేపాగి మళ్ళీ చేసింది. మళ్ళీ ఎంగేజ్. ఆ వేళప్పుడు ఆయనతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరని ఆమెకు తెలుసు. మోకాలి ఆపరేషనై ఎన్నాళ్ళో కాలేదు, వాకర్ లేనిదే అడుగు పడదు. రిసీవర్ చేతిలో ఉండగానే పడిపోయాడేమో అని తోచింది. బాలుకి చెబుదామా అంటే, అతను రసాయన కర్మాగారాలుండే జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు కంప్యూటర్లు చూస్తాడు. ఫోన్ గేటు దగ్గరే ఇచ్చేసి లోపలికి వెళ్ళాలి.

ఉగ్గు గిన్నె అక్కడే వదిలేసి, పిల్లని చంకనేసుకుని, గేటుకు తాళం పెట్టి పరిగెత్తింది. వాళ్ళ అంతస్తులో లిఫ్టు ఆగదు, ఒక అంతస్తు మెట్లు దిగి పట్టుకుంది. లిఫ్టులో కూరగాయలు తెచ్చుకునే చిన్న బండితో ఉన్న చైనా ఆంటీ ఆమెనీ పిల్లనీ ఎగాదిగా చూసింది.

"బేబీ మౌత్ స్టిల్ గాట్ ఫుడ్, యూ రన్ వేర్? స్లోలీ లా."

"అంకుల్... నో టాకింగ్, నో ప్లేయింగ్," అంది కోటేశ్వరి. తొమ్మిదో తరగతితో ఆగిపోయిన ఇంగ్లీషు అంతకన్నా సాయం చేయలేదు.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆంటీ బండి పక్కకి లాగి దారిచ్చింది.

పక్క బ్లాకులో అంకుల్ తలుపు మూసే ఉంది. ఇనప గేటు పట్టుకుని ఊపింది, చేతులు ఎర్రబడేలా కొట్టింది, నేను కోటేశ్వరిని అని అరిచింది. తన్మయి బెదిరి రాగం అందుకుంది. లోపల ఏదో కిందపడిన చప్పుడు. తర్వాత వాకర్ టకటక. ఆగింది. మళ్ళీ టకటక. ఆ చప్పుడు వింటుంటే కోటేశ్వరికి గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

తలుపు తీసిన అంకుల్ చేతిలో ఫోన్ అలాగే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమెని చూశాడు, పిల్లని చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు. గేటు తాళంచెవి వేలికే ఉండగా జేబులు తడుముకుని, చివరికి గేటు తీశాడు.

"ఏం మనిషండీ మీరు," లోపలికి వస్తూనే అందుకుంది. "ఆట మధ్యలో అలా వదిలేసి కూర్చుంటారా? నా పైప్రాణాలు పైనే పోయాయి. పడిపోయారనుకున్నాను."

"నేనా?" అన్నాడాయన. తన్మయి గడ్డం మీద ఎండిన ఉగ్గుని వేలితో తుడిచాడు. అది ఏడుపు ఆపి ఆయన వేలు పట్టుకుంది. రెండో చేత్తో కంప్యూటర్ వైపు చూపించాడు.

తెర మీద ఆట జోరుగా సాగుతోంది. ముక్కలు పడుతున్నాయి, బిళ్ళలు చేతులు మారుతున్నాయి. ఒక్క కుర్చీయే బూడిదరంగులో చచ్చినట్టు ఉంది. దాని మీద ఉన్నది కోటేశ్వరి పేరు. పక్కనే కనెక్షన్ పోయిందని చిన్న గుర్తు.

కింద మాటల పెట్టెలో, మొహం కూడా తెలియని ఆటగాళ్ళందరికీ ఆయన ఇంగ్లీషులో కొట్టిన మాటలున్నాయి. కోటేశ్వరి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకుంది:

"దయచేసి ఒక్క నిమిషం ఆట ఆపండి. మీలో ఎవరైనా సింగపూర్‌లో, క్లెమెంటి దగ్గర ఉన్నారా? ఈ కుర్చీలో అమ్మాయి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫోన్ ఎంగేజ్ వస్తోంది, నేను నడవలేను. చంటిబిడ్డతో ఒక్కతే ఉంటుంది. ఎవరైనా వెళ్ళి తలుపు కొట్టి చూడండి."