ముందు పోయిన బండి

తంజావూరులో శని, ఆదివారాలు కచేరీలు విని, మిత్రబృందం బైకుల మీద రాత్రికి బెంగళూరు చేరుతోంది. అందరికంటే వెనక నేత్రావతి. ముందున్న యశ్వంత్ బండి ఎర్రదీపాన్నే చూసుకుంటూ వస్తోంది. బొమ్మసంద్ర దగ్గర అది మట్టిదారిలోకి తిరిగితే, అడ్డదారి కాబోలని తనూ తిరిగింది.

హెల్మెట్ స్పీకర్లో అభిషేక్ పిలిచాడు. "ఎక్కడుండావక్కా? మేమంతా హెబ్బగోడిలో టీ తాగతా ఉండాం."

"యశ్వంత్ వెనకాలే వస్తా ఉండానప్పా."

"వాడు నా పక్కనే ఉండాడు కదక్కా!"

నేత్రావతి బ్రేకు వేసి ఇంజను ఆపింది. ముందు బండీ ఆగింది. ఎక్కడా చప్పుడు లేదు.

స్పీకర్లో మెల్లగా యశ్వంత్ గొంతు. "ఆగినావేమక్కా? ఇంకొంచెమే, రా."

వెంటనే అభిషేక్ కేక పెట్టాడు. "అక్కా, వీడు నోరే తెరవలేదు!"