సగంలో ఆగిన నంబరు

‘ఈ రికార్డు వేరొకరి వాడకంలో ఉంది.’

తెర మీద ఆ వాక్యం రావడం అది పదకొండోసారి.

తాళాల మేస్త్రి తల పట్టుకున్నాడు.

ఆస్పత్రిలో కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఆ పేరు పెట్టింది నర్సులే. రక్తదాతల వివరాలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. రికార్డుల గదిలోని అయిదు కంప్యూటర్లూ దాన్నే వాడతాయి. ఒకరు ఒక రికార్డు దిద్దుతుంటే, ఆ పని ముగిసేదాకా మిగతా నలుగురికీ అది తెరుచుకోదు. అలాంటి తాళాలు విప్పడంలో అతన్ని మించినవాడు లేడని అందరూ అనేవారు, అందరికంటే ముందు అతనే అనేవాడు.

ఇవాళ మాత్రం తలప్రాణం తోకకొచ్చింది.

"మేస్త్రిగారూ, ఇంకెంతసేపు?" గుమ్మంలోంచి నర్సు అడిగింది. "కింద బాలింతకి రక్తం ఆగట్లేదు. లక్షమందిలో ఒకరికుండే గ్రూపు. మన లిస్టులో ఒక్కరే ఉన్నారు. ఫోన్ నంబరు చెప్పండి చాలు."

"ఆ ఒక్కరి రికార్డే తెరుచుకోవట్లేదమ్మా!"

నర్సు గ్రూపు పేరు మరోసారి గట్టిగా చెప్పి, పరుగున దిగిపోయింది.

పొద్దుట్నుంచీ బెంచీ మీద కూర్చున్న పెద్దాయన లేచి వచ్చాడు. చేతిలో గుడ్డసంచీ.

"బాబూ, నేను..."

"చూస్తున్నారుగా పెద్దాయనా! ఇక్కడ ప్రాణం మీదికొచ్చింది. మీ పని తర్వాత."

"అది కాదు, ఆ మూలది ఇంకా నడుస్తోంది బాబూ. చిన్న లైటు వెలుగుతోంది."

"అది మాతో పనిచేసే అక్క సీటు. ఆర్పేసి మీటింగుకెళ్ళింది. తెర చూడండి, నల్లగా లేదూ? మా పని మాకు నేర్పకండి."

పెద్దాయన నొచ్చుకోలేదు.

"సరే, మీరు కానివ్వండి. నేను కిందికెళ్తా."

"వెళ్ళండి. మీకు పుణ్యముంటుంది."

మేస్త్రి మిగతా నాలుగు కంప్యూటర్లూ ఆర్పి వెలిగించాడు. తాళం కదల్లేదు. అసలు ఫైలున్న పెద్ద పెట్టెనే ఆర్పేద్దామంటే, ఫైలు దెబ్బతిని వేలమంది వివరాలు గల్లంతవుతాయని భయం. ముప్పావు గంట గడిచింది. చొక్కా చెమటతో తడిసిపోయింది.

చివరికి చూపు గోడ మీది నోటీసుకు తగిలింది. ‘సీటు వదిలేటప్పుడు ఆర్పండి.’

ఆ గదిలో అందరూ ఆర్పుతారు. తెర ఒక్కటే ఆర్పుతారు. అతనూ అంతే.

మూలకు పరుగెత్తి తెర వెలిగించాడు.

కావలసిన రికార్డు అక్కడే తెరుచుకుని ఉంది. ఫోన్ నంబరు గడిలో నాలుగు అంకెలు. ఆ తర్వాత గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఎవరో నంబరు మార్చబోయి సగంలో వదిలేశారు.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

మార్పు వద్దని నొక్కాడు. తాళం వీడింది. పాత నంబరు తిరిగొచ్చింది. వెంటనే ఆ నంబరు కలిపాడు.

"ఈ నంబరు వాడుకలో లేదు."

అక్కని అడుగుదామంటే ఆమె ఫోనేమో బల్ల మీదే ఉంది. పాత నంబరు చచ్చిపోయింది, కొత్తది నాలుగంకెలే. తాళం తీసి ఏం లాభం?

అప్పుడు కనబడింది కింది గడి. రక్తం ఇచ్చినది: నలభై మూడు సార్లు.

"నలభై మూడా!" రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి. "మహానుభావా, ఎక్కడున్నావయ్యా?"

గదిలోని ఆస్పత్రి ఫోను మోగింది. కింది నుంచి నర్సు.

"ఇక వెతక్కండి. రక్తం అందింది. తల్లికి గండం గడిచింది."

మేస్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎలా?"

"ఆ మహానుభావుడే వచ్చి ఇచ్చాడు. మనం పిలవకుండానే!"

మెట్లు రెండేసి చొప్పున దిగాడు. "ఎక్కడ? ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలి."

"కాసేపు పడుకోమన్నా వినలేదు, టీ కూడా తాగలేదు. ఇప్పుడే వెళ్ళారు. ఇదిగో, పైన కంప్యూటర్లాయనకి ఇమ్మన్నారు." మడిచిన చీటీ చేతిలో పెట్టింది.

మేస్త్రి గేటుదాకా ఉరికాడు. వీధి నిండా జనం. ముఖం తెలియని మనిషిని ఎక్కడని వెతుకుతాడు?

ఆయాసపడుతూ చీటీ విప్పాడు.

‘బాబూ, ఆ చిన్న లైటు వెలుగుతున్నదాని మీద మీ అక్క నా నంబరు నాలుగంకెలు కొట్టి లేచింది, మిగతా ఆరూ ఇవి.’