ఐసు మిషనుకు సొంత నూనె

మిషను మూత విప్పగానే గుప్పున వాసన కొట్టింది. అదేం వాసనో ఆదోనిలో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. వేరుశనగ నూనె!

మిషనులోని పాత అమ్మోనియా గ్యాసంతా నీళ్ల తొట్టిలోకి వదిలేసి, దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుని అందరూ అప్పుడే లోపలికి వచ్చారు, మిషను ఎందుకు బిగుసుకుపోయిందో చూద్దామని. చూస్తే ఏముంది? అడుగంతా నల్లటి జిగురు, నానిన సబ్బు ముద్దలా. మద్రాసు నుంచి వచ్చే మిషను నూనె తప్ప మరొకటి సోకకూడని చోట ఎవరో మహానుభావుడు వంటనూనె పోశాడు.

"యా పుణ్యాత్ముడు పోసినాడప్పా?" అన్నాడు ఉచ్చీరప్ప. ఆయన ఎమ్మిగనూరులో కొత్తగా ఐసు ఫ్యాక్టరీ పెడుతున్నాడు. ఇక్కడి ఫిట్టరు యేసేపును అక్కడికి పెద్ద ఫిట్టరుగా పిలుచుకుపోదామని, పని చూడటానికి వచ్చాడు. యేసేపుది ఎమ్మిగనూరు పక్కనే నందవరం. సొంత ఊరి దగ్గర పెద్ద ఫిట్టరు పని అంటే మాటలా?

పనివాళ్లంతా యేసేపు వైపు తిరిగారు. నూనె పోసేదీ, గ్యాసు నింపేదీ అతనే మరి. యేసేపు చేతిలో పానా కింద పెట్టాడు. యజమాని ఇంద్రసేనయ్య వైపు ఒక్కసారి చూశాడు.

ఇంద్రసేనయ్య పైకప్పు రేకులు చూస్తూ అన్నాడు. "నూనె సంగతి యేసేపును అడగాల. నాకేం తెలుస్తాది?"

ఆయనకే తెలుసు. పోసింది ఆయనే!

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలం అది. ఐసు కోసం జనం ఎగబడుతున్నారు. అంతకుముందు ఆదివారం యేసేపు చర్చికి పోయాడు. మిషనులో చూస్తే నూనె అడుగంటింది. మద్రాసు డబ్బా ఇంకా రాలేదు. ఇంద్రసేనయ్యకు సొంత నూనె మిల్లు ఉంది. దీపానికి ఆ నూనే, తలకి ఆ నూనే, బండి ఇరుసుకూ, మోకాళ్ల నొప్పికీ ఆ నూనే. "మా నూనెకు వంక పెట్టే మొనగాడు యాడున్నాడు?" అని మీసం దువ్వే మనిషి. ఐసు మిషను మాత్రం ఏం పాపం చేసిందని చెంబుతో స్వయంగా పోసి వచ్చాడు.

షెడ్డు తాళంచెవి ఒకటి యేసేపు దగ్గర ఉంటుంది, ఇంకొకటి ఆయన దగ్గర. అంటే యేసేపుకు ఆ క్షణమే తెలిసిపోయింది. అయినా కిక్కురుమనలేదు. నలుగురిలో ఆయన్ను తిట్టినా బాగుండేది. ఆ రాత్రి ఇంద్రసేనయ్యకు అన్నం సహించలేదు.

రెండో రోజు కృపమ్మ వచ్చింది. యేసేపు భార్య. అదే ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలకు ఊక కప్పే పని ఆమెది.

"ఉచ్చీరప్ప మా ఆయన్ని వద్దన్నాడంటయ్యా. వంటనూనెకీ మిషను నూనెకీ తేడా తెలీనోడు నాకెందుకు అన్నాడంట. మా ఆయన ఇంట్లో ఒక్క మాట మాట్లాడల్యా. నిజంగా తప్పు సేసినాడా అయ్యా? మీరు సెప్తే నమ్ముతా."

మీరు చెబితే నమ్ముతా! ఇంద్రసేనయ్యకు తలకొట్టేసినట్టయింది. "సూద్దాంలేమ్మా" అని గొణిగి లోపలికి పోయాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు.

గ్యాసు నింపే రోజు వచ్చింది. మిషను కడిగారు. మద్రాసు నూనె పోశారు. కొత్త సిలిండరును గోడకు గొలుసుతో కట్టారు. ఆ రోజు షెడ్డులో ఒకటే చట్టం. యేసేపు పరుగెత్తమంటే పరుగెత్తాలి, ఎందుకని అడగకూడదు. ఆ ఘాటు మన ముక్కులకు తగిలేలోపే అతని ముక్కుకు తెలిసిపోతుంది.

గ్యాసు ఎలా నింపుతారో నేర్చుకుందామని ఉచ్చీరప్ప మళ్లీ వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోలేదు.

"ఈసారి నెయ్యి పోసేవు, జాగ్రత్త యేసేపూ!"

పనివాళ్లు కిసుక్కున నవ్వారు. యేసేపు తల వంచుకుని పానా అందుకున్నాడు.

"వాన్ని అనొద్దు ఉచ్చీరప్పా!" ఇంద్రసేనయ్య గొంతు షెడ్డంతా మోగింది. "ఆ నూనె పోసింది నేను."

ఉచ్చీరప్ప గిరుక్కున తిరిగాడు.

"నేనేనప్పా. ఆదివారం నా చేత్తో పోసినా. పోసి, సిగ్గులేకుండా వాని మింద..."

మాట పూర్తికాలేదు.

"గ్యాసు! పరుగెత్తండి!" అని కేకపెట్టాడు యేసేపు.

ఇంకేముంది, ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి ఉరికారు. ఉచ్చీరప్ప ఊడిన పంచె చేత్తో పట్టుకుని వీధి అవతలి పత్తి బేళ్ల దాకా ఆగలేదు. తీరా చూస్తే ఇంద్రసేనయ్య లేడు. లోపలే ఉండిపోయాడు!

కృపమ్మ తలుపు సందులోంచి చూసింది. ఆయన మిషను పక్కనే నిలబడి ఉన్నాడు. కళ్లలోంచి ధారలు. కండువాతో ఎంత తుడుచుకున్నా ఆగడంలేదు. యేసేపు ఆయన భుజం పట్టుకుని ఉన్నాడు.

"అయ్యా, బయటికి రండయ్యా!" అని అరిచింది.

"ఎవరూ ఈడికి రావద్దు!" లోపలి నుంచే కసిరాడు యేసేపు. "గ్యాసు శానా ఘాటుగా ఉండాది. అయ్యకు కండ్లు మండుతాండాయి. కాసేపు ఆగండి."

"అబ్బో, సావుకారును ఏమో అనుకుంటి. అంత గ్యాసులో కదలకుండా నిలబడినాడే!" అన్నాడు ఉచ్చీరప్ప పంచె కట్టుకుంటూ. తర్వాత కొంచెం తగ్గి, "మీ ఆయన్ని సోమారం ఎమ్మిగనూరుకు రమ్మని సెప్పు తల్లీ. నేనే నోరు జారినా" అన్నాడు.

లోపల, గోడకు కట్టిన సిలిండరు మూత మీద మద్రాసు వాళ్లు వేసిన లక్క సీలు ఇంకా పగలగొట్టనే లేదు.