రెండు మెట్ల పరీక్ష

“మీ మీసాలు కాఫీ వాసనొస్తున్నాయేంటండీ?”

ఎమర్జెన్సీ రోజులు కాబట్టి ఉయ్యూరు బస్సు టైముకే బెజవాడ చేరింది. దిగగానే పేపరు కొనుక్కొస్తానని వెళ్ళిన శౌరయ్య పేపరు లేకుండానే తిరిగొచ్చాడు. అమలమ్మ మొగుడి మొహంలో మొహం పెట్టి మరీ వాసన చూసింది.

“కాఫీ ఏంటి? పక్కనెవరో తాగుతుంటే అంటుకునుంటుంది.”

“పక్కనెవరో తాగితే మీ మీసాలు తడుస్తాయా?”

శౌరయ్య కండువాతో మూతి తుడుచుకున్నాడు. అమలమ్మకి ఏడుపొచ్చింది. పరగడుపున రావాలి, కాఫీ, చుట్టా ముట్టకూడదు, వదులు బట్టలు కట్టుకోవాలి అని డాక్టరు రామకోటేశ్వరరావు గారు మరీ మరీ చెప్పారు. ఇవాళ గుండె పరీక్ష. అది నెగ్గితేనే మత్తిచ్చి ఆపరేషన్ చేస్తారు. నెల రోజుల కష్టమంతా గ్లాసుడు కాఫీలో కొట్టుకుపోయింది.

అసలు ఆ డాక్టరు దగ్గరికి మొదట వెళ్ళింది అమలమ్మ కోసమే. గారెలు తిన్నా, చేపల వేపుడు తిన్నా ఆవిడకి కుడి డొక్కలో పొడిచినట్టు నొప్పొచ్చేది. ఎక్స్‌రే తీశారు. దాని సంగతి కనుక్కోవడానికి శౌరయ్య ఒక్కడే వెళ్ళి, సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“నీది ఒట్టి గ్యాసేనట. నన్ను చూసి, ఓసారి బల్లెక్కమని పొట్ట నొక్కాడు. హెర్నియా అట. కొయ్యాలట.”

అమలమ్మ ఉన్నచోటే కూలబడింది. వాళ్ళమ్మ ఆపరేషన్ బల్ల మీదే పోయింది. అప్పట్నుంచీ చావనైనా చస్తాను గానీ ఒంటి మీద కత్తి పడనివ్వనని ఆవిడ ఒట్టు పెట్టుకుంది. కానీ అది తన ఒంటి సంగతి. మొగుడి ఒంటి దగ్గరికొచ్చేసరికి మాట మార్చక తప్పలేదు.

“కత్తంటే ఏముందండీ? కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. నేను లేనూ పక్కన?” అని రోజూ ధైర్యం నూరిపోసింది.

ముందు ఒళ్ళు తగ్గాలన్నారు డాక్టరు గారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ పుష్టిగా ఉన్నవాళ్ళే. కలిసి రిక్షా ఎక్కితే రిక్షావాడు దిగి లాక్కెళ్ళాల్సిందే. శౌరయ్య చెరుకు కాటా దగ్గర గుమాస్తా. బళ్ళు తూచే కాటా ఒక్క మనిషికి సరిగ్గా తూగదని, ఆదివారం గుళ్ళో పూజ అయ్యాక ఇద్దరూ కలిసి దాని మీద నిలబడేవారు. ముల్లు వెనక్కొచ్చినప్పుడల్లా అమలమ్మ మరియతల్లికి దండం పెట్టుకునేది.

తగ్గక ఏం చేస్తారు? శౌరయ్య వేపుళ్ళు మానేశాడు, నెయ్యి మానేశాడు, రాత్రిళ్ళు గంజితో సరిపెట్టాడు. పెళ్ళయిన నాటి నుంచీ అమలమ్మకి ఆయన తిన్నాక, ఆయన కంచంలోనే, ఆయన తిన్నదే తినడం అలవాటు. ఆయన కంచంలో లేనిది ఆవిడ నోట్లోకి పోదు.

దానికి తోడు పొద్దున్నే అరుగు మెట్లు. పరీక్షలోనూ రెండు మెట్లేనట, గంట మోగినప్పుడల్లా ఎక్కి దిగాలట.

“నువ్వు ముందెక్కు. నిన్ను చూస్తే నాకు ఊపొస్తుంది,” అనేవాడు శౌరయ్య.

ఆవిడ జపమాల పట్టుకుని పూసకోసారి ఎక్కి దిగేది. ఆయన రెండు పూసలకే ఆయాసమంటూ అరుగు మీద చతికిలబడి, “ఊఁ, నువ్వాపకు,” అనేవాడు. ఈ గొడవలో తన గ్యాసు నొప్పి కూడా దాదాపు పోయిందని అమలమ్మ గమనించింది గానీ, పైకి అనలేదు. మొగుడి గుండె ఏమవుతుందోనని తను హడలిపోతుంటే తన నొప్పి సంగతెవరిక్కావాలి?

ఇవాళ ఆసుపత్రిలో అడుగు పెట్టగానే ఆవిడే ఫిర్యాదు చేసింది.

“ఈయన కాఫీ తాగొచ్చారండీ.”

“అయ్యో, అయితే ఇవాళ ఆయనకి కుదరదే,” అన్నారు డాక్టరు గారు. ఆయన గొంతులో పెద్ద విచారమేమీ లేదు. “మీరేమన్నా తీసుకున్నారా అమ్మా?”

“ఆయన తినందే నేనెలా తింటానండీ?”

“అయితే మీరోసారి ఎక్కి దిగండి. మిమ్మల్ని చూస్తే ఆయనకి భయం పోతుంది.”

అమలమ్మ మొగుడి వంక చూసింది. ఫ్యాను కింద నిలబడి కూడా చెమటలు కక్కుతున్నాడు. కోపమంతా పోయి జాలేసింది. చెంగు బొడ్లో దోపుకుంది.

నర్సు తెర చాటున తీగలు తగిలించింది. గంట మోగినప్పుడల్లా అమలమ్మ ఎక్కింది, దిగింది. మోకాళ్ళు పీకాయి, ఊపిరి బరువెక్కింది. అయినా అలవాటైన పనే కదా అని ఆగలేదు. తర్వాత పడుకోబెట్టి మిషను మీద మళ్ళీ గీతలు తీశారు. అంతా అయ్యాక ఆవిడ తెర తోసుకుని గెలిచినదానిలా బయటికొచ్చింది.

“చూశారా? ఏముంది ఇందులో? ఆపరేషనూ ఇంతే. ఇప్పుడు నాకు చేస్తానన్నా నోరెత్తకుండా పడుకుంటాను.”

డాక్టరు గారు గీతలు చూసి తలూపారు.

“గుండె భేషుగ్గా ఉంది. సోమవారం చేసేద్దాం.”

“అదేంటండీ? ఈయనింకా మెట్టెక్కనేలేదు!”

శౌరయ్య దగ్గరికొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఆయన అలా పట్టుకోవడం అదే మొదలు.

“నాకే హెర్నియా లేదు, ఆ ఎక్స్‌రేలో నీ పిత్తాశయంలోనే రాళ్ళు కనబడ్డాయి. ఆపరేషన్ నీకే, అమలా.”